పొంగకూడని రొట్టె

పోయిన మంగళవారం, పొద్దున పదకొండున్నర. చెన్నైలో షోళింగనల్లూరులో నేను వంట చేసే ఇంట్లో నా పని ఉంటుందా పోతుందా అని తేలింది అప్పుడే.

ఇంటమ్మ ఆఫీసుకి ఇటలీ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆమెని భోజనానికి పిలిచి, ఆమె ఊరి రొట్టె పియాదీనా పెట్టాలని ఇంటమ్మ పట్టు. ఎట్లా చెయ్యాలో తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించింది. "పెద్దమ్మా, ఈ మధ్య నీ వంట కుదరడం లేదు. ఇది కూడా చెడితే వేరే మనిషిని చూసుకుంటాను" అని ముందురోజే చెప్పేసింది. ఆమె తప్పేం లేదు. నాది అరవై ఎనిమిదేళ్ళ ఒళ్ళు.

అక్షరాలు నేను యాభై దాటినాక నేర్చుకున్నా. కూడబలుక్కుని చదివినా. మైదా, వెన్న, ఉప్పు, చిటికెడు సోడా, పాలు. పెనం మీద వేసేముందు ఫోర్కుతో అంతా పొడవాలంట. ఈడనే నాకు మండింది. పుల్కా పొంగలేదని ముప్పై ఏళ్ళు ఇంటింటా మాటలు పడినదాన్ని. పొంగే రొట్టెకి ఎవురైనా బొక్కలు పెడతారా? పెట్టలేదు. నాలుగూ బూరెల్లా పొంగినాయి. నెయ్యి రాసి గుడ్డ కప్పినా.

ఆ పెద్దావిడ నేరుగా వంటగదిలోకే వచ్చింది. ఒక రొట్టె తీసి మడిస్తే పైపొర చిరిగి చేతికొచ్చింది. ఇంటమ్మ మొహం మాడిపోయింది.

"రాసిపెట్టాను కదా పెద్దమ్మా! చదవలేదా?"

"చదివినానమ్మా. నమ్మలేదు."

ఇంటమ్మ అదే ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ పడీపడీ నవ్వింది. మిగిలిన పిండి ఒత్తమని సైగ చేసింది. నేను ఒత్తినా, ఆవిడ పొడిచింది. మచ్చలు మచ్చలుగా కాలినాక సగం మీద మెత్తని చీజు, ఏదో చేదు ఆకు పరిచి, మడిచి నా చేతిలో పెట్టింది. అలవాటుకొద్దీ ముక్క తుంచబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. రెండు చేతులతో పట్టుకుని, నిలబడే కొరకాలంట. కూర లేదు, ప్లేటు లేదు. కొరికితే చీజు మోచేతి దాకా కారింది. రుచి బాగానే ఉండాది, కారమే లేదు.

ఆవిడ ఏదో అనింది.

"ఏమంటా ఉంది?"

"నీ చెయ్యి మంచిదంట పెద్దమ్మా, చెప్పింది వినే చెవులే లేవంట."

"అయితే రేపు రావాలా, వద్దా?"

"రా. ఆదివారాలు కూడా రా, ఇవి చేద్దువుగాని."

నాకు నడుం వాల్చేదానికి ఉండింది ఆ ఒక్క ఆదివారమే. పని నిలబడిందని సంతోషపడే ఓపిక కూడా లేకపోయింది. సరేనమ్మా అన్నా.

ఆ పూట ఆడ ఉండినోళ్ళు: ఇటలీ పెద్దావిడ, ఇంటమ్మ, ఆకలని రెండుసార్లు తొంగిచూసి పోయిన ఆమె మొగుడు, నేను.