ఎవరూ తొడగని ఎర్రజాకెట్టు

మదనపల్లెలో మా హోముకు పెద్దవాళ్లెవరైనా వస్తున్నారంటే మేము మొదట బీరువాలోంచి తీసేది ఎర్రజాకెట్టు. అంటే జాకెట్టు కాదు, జాకెట్టు కాబోయే ముక్కలు. అతిథులు హాల్లో కూర్చోగానే మా ఆడవాళ్లు ఆ ముక్కల్ని మిషన్ల మీద చకచకా కుట్టేవాళ్లు. ఉపన్యాసాలు అయ్యేసరికి జాకెట్టు తయారు. చప్పట్లు, ఫోటో, అరటిపండు. వాళ్ల కారు సందు తిరగ్గానే కుట్లు విప్పేసి, మళ్లీ ముక్కలు చేసి, వచ్చే అతిథి కోసం దాచేవాళ్లం. ఆ గుడ్డ ఎన్నిసార్లు జాకెట్టయిందో దేవుడికే తెలియాలి. తొడుక్కున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఈ గొప్ప ఆలోచన ఇంకెవరిదో కాదు, నాదే.

నేను ఆ హోములో కుట్టు టీచర్ని. కురబలకోట నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లకు అక్కడ ఇంత నీడ, తిండి. పిల్లలకు పక్క సందులో బడి. తల్లులకు నా తిట్లు. నా దగ్గర పని నేర్చుకుని బాగుపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు కానీ అందులో నా ఓర్పు చేసిన సాయం ఏమీ లేదు.

అలా వచ్చినవాళ్లలో ఒకామె గుడుపల్లె వైపు పల్లె నుంచి ఏడేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. మొగుడు కొట్టిన దెబ్బలకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పటినుంచీ గొర్రెల వెంట తిరిగిన కాళ్లు. ఆ కాళ్లతో మిషను తొక్కమంటే చక్రం వెనక్కి తిరిగేది, దారం తెగేది, సూది విరిగేది. కొన్ని నెలలు చూసి, ఒకరోజు విసుగెత్తి సగం బ్లేడు చేతిలో పెట్టాను. కుట్టడం ఎటూ రాలేదు, విప్పడమన్నా చెయ్యమన్నాను. అప్పటినుంచి ఎర్రజాకెట్టు విప్పడం ఆమె పనయింది. కిటికీ పక్కన కూర్చుని, గుడ్డ చిరగకుండా, ఒక్క పోగు లాగకుండా విప్పేది. నేను గమనించలేదు. గమనించి ఉంటే మెచ్చుకోవాల్సి వచ్చేది, అది నాకు అలవాటు లేదు.

మా హోములో ఏడాదికి మించి ఎవరూ ఉండకూడదు. ఆమె గడువు వేసవి సెలవులతో అయిపోతుంది. ఆలోగా పని, గది చూసుకోకపోతే పిల్లను కుప్పంలో హాస్టల్లో చేర్చి, ఆమెను పుట్టింటికి పంపాలని హోము పెద్దావిడ నిర్ణయం. చేరదీసే పుట్టిల్లే ఉంటే ఆమె మా గడప ఎందుకు తొక్కుతుంది? పెద్దావిడ నన్ను రిపోర్టు అడిగింది. కుట్టు రాదు, వస్తుందన్న ఆశ లేదు అని రాసి సంతకం పెట్టాను. ఏం రాశారని ఆమె అడిగితే దాచకుండా చెప్పాను. ఆమె ఏడవలేదు.

"పాప నన్ను ఇడిసి పండుకోదు మేడమ్. వినపడని సెవి పక్కనే పండుకుంటాది. ఎవురన్నా వస్తే నన్ను లేపాలంట."

నేను మిషనుకు నూనె వేస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఆ నెలలోనే ఒక అధికారి భార్య అతిథిగా వచ్చారు. పట్టుచీర, దాని మీదికి పెళ్లినాటి జాకెట్టు. పెళ్లయి పాతికేళ్లు దాటిన సంగతి జాకెట్టుకు ఎవరూ చెప్పలేదు. సరస్వతి పటానికి దండ వేయబోయి చేతులెత్తారు. చంక కింద కుట్లు పర్రున తెగాయి. మైకులో మహిళాశక్తి గురించి మాట్లాడుతున్నాయన మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆవిడను స్టోరు గదిలోకి తీసుకెళ్లి, తెగినచోటే మళ్లీ కుట్టడానికి సూదీ దారం తీశాను. వెనకనుంచి ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆమే.

"కుట్టొద్దు మేడమ్. కుడితే మళ్లా తెగుతాది. లోపల గుడ్డ ఉండాది, సూడండి."

మావైపు జాకెట్టుకు పక్కల్లో ఒక్క కుట్టుతో ఆపరు. కొంచెం ఎడంగా రెండోదీ, మూడోదీ వేసి పెడతారు. ఒళ్లు వచ్చినప్పుడు మొదటి కుట్టు విప్పుకుంటే చాలు. నేనే క్లాసులో చెప్పే పాఠం అది. ఆమె బ్లేడు తీసి, తెగిన వరసలో మిగిలిన కుట్లన్నీ రెండు పక్కలా విప్పేసింది. జాకెట్టు చెయ్యీ పక్కా కలిసేచోట చేత్తో నాలుగు కుట్లు వేసింది. కంబళి అంచులు కుట్టి అలవాటైన చెయ్యి. అధికారి భార్య నిండుగా ఊపిరి పీల్చుకున్నారు. వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో ఇలాంటివి బీరువానిండా ఉన్నాయని, పాతవి ముట్టుకోవడానికి ఏ టైలరూ ఒప్పుకోడని గోడు చెప్పుకున్నారు. పాతబట్టలు పట్టుకొచ్చినవాళ్లను నేను మాత్రం ఎంతమందిని తిప్పి పంపలేదు?

మర్నాడు పెద్దావిడను నా రిపోర్టు వెనక్కి ఇమ్మన్నాను. ఎందుకని అడిగితే, తప్పు రాశానన్నాను. ఆ మాట నా నోట విన్నందుకు ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ వారమే పాప తల్లిని పుంగనూరు తీసుకెళ్లాను. అక్కడ బుర్ఖాలు కుట్టే భాయ్ ఒకాయన నాకు బాగా తెలుసు. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. బిగుతులు వదులు చెయ్యాల్సిన పాతబట్టలు ఆయన బల్ల కింద పెద్ద మూటగా పడి ఉంటాయి. భుజాలు బిగుసుకుపోయిన ఒక బుర్ఖా తీసి ఆమె మీదికి విసిరాడు. ఆమె విప్పుతుంటే, తన పని ఆపి అలాగే చూశాడు.

"ఈ మూటను సూస్తేనే నాకు జొరం వస్తాది టీచరమ్మా. రేపట్నుంచే రమ్మను."

అంగడి వెనక ఆయన అక్క ఇంట్లో గది దొరికింది. పాపను ఆ వీధి బడిలోనే చేర్చాం. కుప్పం హాస్టలు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. హోము వదిలే రోజు ఆమె ఎర్రజాకెట్టు ముక్కలు అడిగింది. సూది పోట్లతో జల్లెడయిన గుడ్డ దేనికని అడక్కుండానే ఇచ్చేశాను. ఇప్పుడు మా అతిథులకు తెగే దారాలు, నా తిట్లే ప్రదర్శన.

పోయిన నెల నా పచ్చజాకెట్టు పట్టుకుని నేనే పుంగనూరు పోయాను. నాకూ ఒళ్లొచ్చింది. పాప తల్లికి ఎడమ పక్కన కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. నన్ను చూసి తల్లి భుజం తట్టింది. ఆమె జాకెట్టు తిరగేసి చూసి, అంచులు వేళ్లతో తడిమి, ముఖం చిట్లించింది.

"ఇది ఎవురు కుట్టిండేది మేడమ్? లోపల కొంచెం గుడ్డన్నా వదల్లేదే."

నేనే కుట్టుకున్నాను. పీనాసితనంతో గుడ్డ మిగల్చలేదు. ఎవరో టైలరు అన్నాను. పాప నా ముఖం చూసి, నోటుపుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. తల్లి పెట్టెలోంచి ఎర్రగుడ్డ తీసి, సూది పోట్లు తక్కువున్నచోట రెండు ముక్కలు కత్తిరించి, చంకల కింద అతికి కుట్టింది. తెరచాటుకు పోయి తొడుక్కుని వచ్చాను. పాప నా రెండు చేతులూ పైకెత్తించి చూసి, ఇంక తెగదని తేల్చింది.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. పైన కమ్మీ పట్టుకుని, పచ్చజాకెట్టులో ఎర్రముక్క బస్సంతా చూస్తుండగా, మదనపల్లె దాకా నిలబడే వచ్చాను.