మెరక తోటకు సన్న పైపు

మా తోట చివర పైపు మూతి దగ్గర కూర్చుంటే నీళ్ల కన్నా ముందు గాలి వచ్చేది. బుస్సుమని ఎర్రదుమ్ము లేపి, ఆ తర్వాత చిటికెన వేలంత ధార కారేది. ఆ ధార మీదే ఆ వేసవిలో మా అంటుమొక్కల ప్రాణం ఆధారపడి ఉంది. కాపు తగ్గిన ముసలి రసాల చెట్లు కొట్టించి, నాన్న మెరకంతా బంగినపల్లి అంట్లు నాటించాడు. మాకు వేరే తోట లేదు.

బోరు మాకూ పెదనాన్నకూ ఉమ్మడి. పంపకాల్లో బోరున్న పల్లపు సగం పెదనాన్నకు వచ్చింది, దాని వెనక మెరక మాకు. రోజు విడిచి రోజు వంతు. మా పైపు పెదనాన్న చెట్ల వరసల కిందుగా వచ్చి మెరక ఎక్కుతుంది. ఇద్దరికీ చెరో రెండించుల పైపు అని పెద్దమనుషులు తేల్చారు. మా వైపు పైపుల సైజు ఒకటైతే నీళ్లు సమంగా పంచినట్టే. బోరు పక్కనున్నవాడికీ గట్టు మీదున్నవాడికీ తేడా ఎవరూ చూడరు. నాన్న కూడా చూడలేదు. "సన్న పైపైతే ఫోర్సుగా మెరక ఎక్కుద్ది" అని సంబరంగా ఒప్పుకున్నాడు.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. తర్వాతి చదువంతా నూజివీడు లైబ్రరీలో, వారపత్రికల బల్ల దాటి లోపలున్న బీరువాల్లో సంపాదించుకున్నాను. పంపుసెట్ల పుస్తకం అక్కడే దొరికింది. బొమ్మలు అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ తెచ్చుకున్నాను. పైపు గోడలకు రాసుకుంటూ పోయే నీళ్లు దారిలోనే పంపు బలాన్ని తినేస్తాయి. పైపు పొడుగైనకొద్దీ, సన్నబడినకొద్దీ ఆ తిండి పెరుగుతుంది. మెరక ఎక్కించడానికి మిగిలేది అడుగూ బొడుగూ. అంతకన్నా భయపెట్టిన సంగతి ఇంకొకటుంది: బోరులో దిగిన మోటారును చల్లబరిచేది దాన్ని ఒరుసుకుంటూ పోయే నీళ్లే. నీళ్లు మందగిస్తే మోటారు వేడెక్కుతుంది.

నాన్నకు చెబితే నవ్వాడు. పెరట్లో గొట్టం అందుకుని మూతికి బొటనవేలు అడ్డం పెట్టాడు. నీళ్లు గోడ దాకా ఎగిరాయి.

"చూశావా? మూతి సన్నం చేస్తే ఎంత దూరం పోతన్నాయో. ఇది నీ పుస్తకంలో రాయలేదా?"

"రాశారు నాన్నా. ఆ వేలు తీయకుండా ఈ బకెట్ నింపు."

మొదట వేలు పెట్టి నింపాడు, తర్వాత వేలు తీసి నింపాడు. రెండోసారి బకెట్ తొందరగా నిండింది, పొర్లుతున్నా గొట్టం పక్కకు తీయలేదు. "దూరం పోతన్నాయి గానీ రావట్లేదే" అన్నాడు చివరికి, నాతో కాదు.

మర్నాడు ఇద్దరం పెదనాన్న దగ్గరికి వెళ్లాం. ఆయన కాయ కోయిస్తున్నాడు. మూడించుల పైపు వేసుకోవాలంటే ఆయన చెట్ల మధ్య కాలువ తవ్వాలి.

"సన్న పైపే కావాలన్నది నువ్వేగా తమ్ముడూ?"

"తెలియక అన్నానన్నయ్యా. మొక్కలు చచ్చిపోతన్నాయి."

"నీకు లావు పైపేస్తే నా బోరు ఎండిపోద్ది. అప్పుడు ఎవరి చెట్లు చావాలి?"

"మా వంతు గంటలు తగ్గించండి పెదనాన్నా" అన్నాను. "మీకొచ్చినన్ని నీళ్లే మాకూ వస్తే చాలు. ఆపైన అక్కర్లేదు."

"గంటలు ఎవరు కాపలా కాస్తారే? పైపైతే కంటికి కనపడుద్ది." కోసిన కాయను ఒక పక్కకు తిప్పి చూసి గడ్డిలో పెట్టాడు. "మరీ అంతగా ఉంటే లైబ్రరీ నీళ్లు పొయ్యి నీ మొక్కలకి. బోలెడు చదివావుగా."

కోతకొచ్చిన మనుషులు నవ్వారు. ఆయన భయం ఉత్తది కాదని నాకు తెలుసు. చుట్టుపక్కల బోర్లు ఒక్కొక్కటే అడుగంటుతున్నాయి. అందుకే నాకు కోపం కూడా సరిగ్గా రాలేదు.

నాన్నా నేనూ బిందెలతో మోయడం మొదలుపెట్టాం. పల్లంలోంచి మెరకకి ఎక్కేసరికి సగం నీళ్లు మా బట్టల మీదే ఉండేవి. ఎండ ముదిరాక ఒక మధ్యాహ్నం, మా వంతులోనే, పైపు మూతిలో గాలి కూడా ఆగిపోయింది. మోటారు కాలిపోయింది. వోల్టేజీ కూడా అంతంత మాత్రమే, పైపు ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను. పెదనాన్న మాత్రం మా వంతులో కాలింది కాబట్టి మేమే కాల్చామన్నాడు.

మోటారు పైకి లాగించి, కాలిన తీగ మళ్లీ చుట్టించి, తిరిగి దింపేసరికి రోహిణి కార్తె వచ్చేసింది. పెదనాన్న చెట్ల వేళ్లు లోతైనవి, కాస్త కాయ రాల్చి బతికాయి. మా అంట్ల ఆకులు ముందు దోనెల్లా ముడుచుకున్నాయి, తర్వాత రంగు పోయాయి. పట్టుకుని లాగితే అంటు కట్టిన చోట పుటుక్కున విరిగేవి.

తొలకరి పడ్డాక పెదనాన్న మా గట్టు మీదికి వచ్చాడు. ఖాళీ గుంతల వరసల వెంట ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు.

"తవ్వుకోండిరా, లావు పైపే వేసుకోండి" అన్నాడు.

"దేనికన్నయ్యా?" అన్నాడు నాన్న.

ఆ సాయంత్రం నాన్న పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. అలవాటు కొద్దీ గొట్టం మూతికి బొటనవేలు పెట్టాడు. వెంటనే తీసేసి, గొట్టాన్ని నేల మీద వదిలేశాడు. నీళ్లు పెరడంతా పారాయి. కట్టెయ్యమని ఆయన అనలేదు, నేనూ కట్టలేదు.