పోచమ్మ బోనానికి ఏ నీళ్లు?

తొంభైలలో నేను పటాన్‌చెరులో సైన్సు టీచరుగా పనిచేసేదాన్ని. బోనాల రోజుల్లో ఒక ఉదయం, బోరు నీళ్లలో కలుస్తున్న కంపెనీల వ్యర్థాల గురించి చెప్పడానికి చార్టులు పట్టుకుని గడ్డపోతారం దగ్గరి పల్లెకు వెళ్లాను.

చార్టులోని రసాయనాల పేర్లు చదువుతుంటే ఆడవాళ్లు ఆవలించారు. ఇంతలో మందుల కంపెనీలో పనిచేసే మల్లేశం లేచి, "కంపెనీ బందైతే మా పొయ్యి మీరొచ్చి ముట్టిస్తరా మేడం? ఇగ చాలు, పోండ్రి!" అని అరిచాడు. మగవాళ్లంతా అతని వెంట లేచి నిలబడ్డారు.

నేను చార్టు మడిచి, పక్కనే అరుగు మీద బోనం కుండకు సున్నం పూస్తున్న మల్లేశం తల్లిని, "బోనం ఏ నీళ్లతో వండుతారమ్మా?" అని అడిగాను.

"ట్యాంకర్ నీళ్లతోని బిడ్డా. బోరు నీళ్లు పోస్తే బువ్వ పచ్చగైతది, వాసనొస్తది. గసొంటి బువ్వ పోచమ్మకెట్ల పెడ్తం?"

"మరి ఇంట్లోకి?"

ఆమె చెయ్యి కుండ మీదే ఆగిపోయింది. "ట్యాంకర్ రోజూ రాదు గద..." అంటూ కొడుకు వైపు చూసింది. మల్లేశం తల దించుకుని కూర్చున్నాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు.

తర్వాత సంగారెడ్డిలో జిల్లా అధికారుల ముందు కూడా, చార్టులు విప్పకముందు ఆ తల్లి మాటే చెప్పాను. అమ్మవారికి పెట్టలేని నీళ్లు పిల్లలకు తాగిస్తున్నామని ఆ ఊరికి నేను వెళ్లక ముందే తెలుసు. పైకి అనడానికే ఎవరికీ నోరు రాలేదు.