మెట్టెలకు ఉన్ని

ఉదయం ఏడూ ఇరవైకి నా భార్య సుభద్ర సిమ్లా మంచులో పదడుగులు వేసి, వణుకుతూ గుమ్మంలోకి వచ్చేసింది. అది యాభై ఆరు జనవరి. యానాంలో మాకు చలికోట్లు అరువిచ్చినవాళ్లెవరికీ కాలి మెట్టెల సంగతి తట్టలేదు. మేజోళ్ల లోపల వెండి చల్లబడి ఆమె వేళ్లు కొరికేస్తోంది.

"తీసెయ్యవే," అన్నాను.

"మీరుండగానా? చాల్లెండి! వేళ్లు పోతే పోనీండి."

బస ఇచ్చిన ముసలమ్మకు తెలుగు రాకపోయినా తగువు అర్థమైంది. నవ్వుతూ తన మేజోడు లాగి చూపించింది. ఆవిడకూ మెట్టెలున్నాయి, వాటికి ఉన్నిదారం చుట్టి ఉంది. సుభద్ర పాదం ఒళ్లో పెట్టుకుని అలాగే చుట్టింది.

ఆ తర్వాత యానాంలో అంత చలి లేకపోయినా, ఏటా పుష్యమాసంలో సుభద్ర మెట్టెలకు ఉన్ని చుట్టుకునేది. దారం కొస నేను పట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నిదారం కొనడం లేదు.