షరీఫా వంతు కట్టెలు

కొత్తకోట అవతల ఎర్రగుంటపల్లిలో నూరుద్దీన్‌ను గుట్ట కావలికి పెట్టింది ఆయన గొప్పతనం చూసి కాదు. ఆయనకు మేకలు లేవు, గుట్ట కింద పొలం లేదు, ఊళ్ళో చుట్టాలు లేరు. దూదేకులవాళ్ళ ఇల్లు ఆ ఊరికి అదొక్కటే. పరుపులు కుట్టించుకునేవాళ్ళు తగ్గి, దూదేకే విల్లు అటకెక్కిన రోజులవి. ఎవరి పక్షానా మాట్లాడే అవసరం లేని మనిషి కోసం ఊరు వెతికితే ఆయన దొరికాడు.

ఎనభైల నడుమ వరసగా కరువులొచ్చాయి. బోడగుట్ట పేరుకు తగ్గట్టే బోడిదైపోయింది. చెట్టు లేక వాననీరు నిలవక, కింది బావులన్నీ అడుగంటాయి. ఎవరో వచ్చి ఏదో చేస్తారని చూసీ చూసీ విసిగిన ఊరు, చావడి ముందు కూచుని తనకు తానే కట్టడి పెట్టుకుంది. గుట్ట మీదికి మేక పోవద్దు, పచ్చికొమ్మ మీద కత్తి పడొద్దు. రాలిన ఎండుకట్టె మాత్రం బుధవారం నాడు ఇంటికొక ఆడమనిషి పోయి ఏరుకోవచ్చు. పంట చేతికొచ్చినప్పుడు ఇంటింటా జొన్నలు పోసి కావలివాణ్ణి సాకాలి.

కట్టడి తప్పినవాళ్ళను ఏం చేయాలన్న దగ్గర మాట తెగలేదు. ఊరి పెద్దమనిషి లచ్చయ్య జుర్మానా వేద్దామన్నాడు. అప్పుడు నూరుద్దీన్ లేచాడు.

"జుర్మానా అయితే ఉన్నోడు కట్టి మళ్ళ కొడతడు లచ్చన్నా. గా ఇంటికి వచ్చే వానల దాంక కట్టె బంద్ పెట్టుండ్రి. అప్పుడు ఉన్నోడైనా లేనోడైనా ఒకటే."

అందరికీ నచ్చింది. మగవాళ్ళంతా చేతులెత్తారు. కట్టె బంద్ అయితే మైళ్ళకు మైళ్ళు నడవాల్సినవాళ్ళు ఆ సభలో లేరు, ఇళ్ళల్లో రొట్టెలు చేస్తున్నారు. అంత తెలివిగల ఊరికి ఆ చిన్న ముక్క ఎందుకు తట్టలేదో దేవుడికే తెలియాలి.

మొదట దొరికింది గొల్ల ఎల్లేశం భార్య గుర్వమ్మ. తడిక అల్లుకోవడానికి పచ్చి బరిగెలు కోసింది. ఏడ్చింది, నూరుద్దీన్‌ను నోటికొచ్చినట్టు తిట్టింది. బంద్ అంటే బందే. ఆ ఏడంతా ఆమె బెంగుళూరు రోడ్డు దాటి, అవతలి సర్కారు తుమ్మల్లోంచి మోపు మోసుకొచ్చింది. అది చూసి ఊరు హడలిపోయింది. గుట్ట మాత్రం చిగురించింది.

ఆ తర్వాతి చలికాలంలో నూరుద్దీన్ బిడ్డ జాహేదా తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయకుండా ఆ వైపు ఏ తల్లీ ఊరుకోదు. ఊరి చుట్టూ వావిలి ఎక్కడా మిగల్లేదు, గుట్ట మీది వాగులో తప్ప. ఒక పొద్దున నూరుద్దీన్ వాగులోకి దిగేసరికి, ఆయన భార్య షరీఫా చేతిలో కొడవలి, కాళ్ళ దగ్గర కోసిన కొమ్మ.

"ఏం చేస్తున్నవే గిక్కడ?"

"పిల్ల నడుము లేస్తలేదంటాంది. ఒక్క కొమ్మ."

"నన్నొక మాట అడగరాదా?"

"అడిగితే ఇస్తుంటివా?"

చూసినవాళ్ళెవరూ లేరు. నోరు మూసుకుంటే అంతటితో పోయేది. కొమ్మను ఆమెనే పట్టుకుపొమ్మన్నాడు. నీళ్ళు కాచారు, పిల్లకు పోశారు, ఇల్లంతా వావిలి వాసన కమ్ముకుంది. సాయంత్రం ఆయనే చావడికి పోయి సంగతి చెప్పాడు.

"బాలింత కోసం గదా నూరుద్దీన్. మేమెవ్వలం చూడలే. ఇడిసిపెట్టు" అన్నాడు లచ్చయ్య.

"గుర్వమ్మను ఇడిసిపెట్టినమా?"

బంద్ ఆయన ఇంటికీ పడింది. ఉన్నమాట చెప్పాలంటే, ఆ సాయంత్రం ఆయనకు లోలోపల గర్వంగానే ఉంది. సొంత ఇంటి మీదే కట్టడి పెట్టినవాడని పది ఊళ్ళు చెప్పుకుంటాయనుకున్నాడు. పాడు గర్వం.

షరీఫా గొడవ పెట్టుకోలేదు. "మంచిగైంది పో" అని, ఆ వారం నుంచే రోడ్డు అవతలికి నడవడం మొదలుపెట్టింది. ఆయన వెంట బయల్దేరితే, "నువ్వొస్తే గుట్ట కావలెవరు?" అంది. ఎత్తిపొడిచిందో, నిజంగానే అడిగిందో ఆయన తేల్చుకోలేదు. ఆగిపోయాడు.

ఎండాకాలం చివర, మబ్బులు ముసురుతున్న రోజుల్లో, మోపుతో రోడ్డు దాటుతున్న షరీఫాను లారీ గుద్దింది. నెత్తిన మోపుంటే మెడ తిప్పి చూడడం కుదరదు. జరిగింది అంతే.

ఖబరులో దించాక, మట్టి పోసేముందు అడ్డంగా కట్టెలు పరచడం అక్కడి పద్ధతి. ఊరివాళ్ళు గుట్టకు పోయి మంచి కట్టెలు చూసి తెచ్చారు. నూరుద్దీన్ వాటివైపు చూశాడు.

"ఏడివి గివి?"

"గుట్టవేనే."

"వానలు రాలే ఇంక. మా ఇంటికి బంద్ ఉంది."

ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. లచ్చయ్య బతిమాలాడు, తిట్టాడు, చివరికి తల పట్టుకు కూచున్నాడు. ఎల్లేశం మాత్రం ఏమీ అనకుండా ఇంటికి పోయి, గడప ముందు పరిచిన బండలు పెకిలించి బండి మీద వేసుకొచ్చాడు. అవి కప్పి మట్టి పోశారు. వారం తిరక్కముందే వాన పడింది.

ఆ తర్వాత గుట్ట బాగా పెరిగింది. సీతాఫలాలు గంపలకెత్తి కొత్తకోటకు పంపారు. బావుల్లో నీళ్ళు పైకొచ్చాయి. తొంభైల్లో వేరే ఊళ్ళ వాళ్ళు చూడ్డానికి రావడం మొదలైంది. నూరుద్దీన్ వాళ్ళను వెంటేసుకుని తిప్పేవాడు, అడిగినదానికి జవాబు చెప్పేవాడు, నవ్వమంటే నవ్వేవాడు. లోపల ఏమీ కదిలేది కాదు. మనవణ్ణి ఒళ్ళో పెడితే బరువు తెలిసేది, అంతకు మించి ఏమీ తెలిసేది కాదు. ఏడుద్దామని ఒకట్రెండుసార్లు ఖబరు దగ్గర కూచుని చూశాడు. ఏడుపు రాలేదు.

ఊరు సిగ్గుపడింది. చావడి ముందు ఈసారి ఆడవాళ్ళనూ కూచోబెట్టి, బాలింత ఆకుకు అడ్డం లేదని కట్టడి మార్చింది.

"నువ్వేమంటవ్ నూరుద్దీన్?"

"మంచిదే" అని అందరితో పాటు చెయ్యెత్తాడు.

కోడలు ప్రసవించినప్పుడు గుర్వమ్మ కొడవలి పట్టుకుని వాగు దగ్గరికొచ్చి, కోయలేక నిలబడిపోయింది. నూరుద్దీనే కొమ్మ వంచి పట్టుకున్నాడు. ఆమె కోస్తూ కోస్తూ ఏడ్చింది.

"పొయ్యిలకు ఏం పెడుతున్నవన్నా? మీ ఇంటి వంతు ఏరంగ నేనెన్నడు చూడలే. గా బంద్ అయిపోయి ఏండ్లాయె."

"పిడకలున్నయి."

"బుధారం నేనే ఏరి నీ గడప ముంగట ఏస్త."

"వద్దు చెల్లె" అన్నాడు నూరుద్దీన్. కొమ్మ వదిలి చేతులు దులుపుకున్నాడు. "ఇంటికొక ఆడమనిషి ఏరుకోవాలని గదా కట్టడి. మా ఇంట్ల లేదు."