యాదగిరి బీడీ తాగలేదు

పన్నెండేళ్లుగా ఒక మోటారు నా గుండెల మీద కూర్చుని ఉంది. దించడానికి సాయం పట్టమని ఎవర్నడగను? మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

నాంపల్లి సందులో మోటార్లకు వైండింగ్ చుట్టే షాపు నాది. ఏడో తరగతిలోనే బడి మానేశాను. చదువు లేని లోటు నోటితో పూడ్చుకున్నాను.

ఉస్మాన్‌గంజ్ వెనక, రంగుల్లో కలిపే థిన్నర్‌ను డబ్బాల్లో నింపే షెడ్డు నుంచి ఒక ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు రిపేరుకొచ్చింది. థిన్నర్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. దాని లోపల మంట పుట్టినా, మూతా బాడీ కలిసే సన్నటి సందులోంచి బయటికొచ్చేలోపే చల్లారిపోవాలి. ఆ అంచుల మీద గీత కూడా పడకూడదు. నాకు తెలుసు. తెలిసే, తుప్పుతో బిగుసుకున్న మూతను ఉలి పెట్టి కొట్టాను. అంచు విరిగింది. కొత్త మూత కావాలని అడిగితే నా పనితనానికి చిన్నతనం కదా. లప్పం పెట్టి, రంగేసి, కొత్తదానిలా పంపాను.

మూడో వారం షెడ్డు అంటుకుంది. థిన్నర్ నింపే యాదగిరికి రెండు చేతులూ కాలాయి. అతను బీడీ ముట్టించడం వల్లేనని షెడ్డు యజమాని సేటు పనిలోంచి తీసేశాడు. కాలిన మోటారు పాత ఇనుములోకి పోయింది. లప్పం సంగతి నాకొక్కడికే తెలుసు.

చేతుల కట్లతోనే యాదగిరి నా షాపుకొచ్చాడు. గిరాకీలు నలుగురున్నారు.

"అన్నా, నా జేబుల బీడీనే లేకుండె. మంట మోటరుకెల్లే వచ్చింది, నా కండ్లతోని చూసిన. సేటుకు నువ్వు జర చెప్పు."

"మోటారు బీడీ తాగదు యాదగిరీ. డాక్టరు మాన్పించాడు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వబోయి ఆగాడు.

"గట్లనా అన్నా," అని వెళ్లిపోయాడు.

భయపడ్డానా? భయపడితే నోరు మూసుకునేవాణ్నిగా. ఆ మాట అంత చక్కగా, అంత తొందరగా ఎలా దొరికింది నాకు? లోపల ముందే తయారు చేసి పెట్టుకున్నానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా, అందరూ నవ్వినప్పుడు నాకు కలిగిన సంతోషమే తగులుతుంది.

ఇప్పుడతను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బెల్టులమ్ముతాడు. వేళ్లు ముడుచుకుపోయాయి, బెల్టు పెట్టి చూపించేది భార్యే. అక్కడందరికీ అతను 'బీడీ యాదగిరి'. ఆ పేరు నా జోకుకు పుట్టిందే.

ఇది అతని ముందు చెప్పే ధైర్యం నాకుందంటే అది ఇంకో అబద్ధం. కానీ తప్పు నాదని మొదటిసారి రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. నాకే, అతనికి కాదు.