మురుగుకాలవ తూము దగ్గర

మా బాబాయి రొయ్యల చెరువులో జబ్బు రాకముందే మందు పడేది. యాంటీబయాటిక్ పొడిని కోడిగుడ్డు తెల్లసొనలో కలిపి, మేతకు పట్టించి, ఆరబెట్టి చల్లించేవాడు. దివిసీమలో అందరూ చేసేదే తనూ చేస్తున్నానని ఆయన ధీమా. రొయ్యలు పట్టాక ఆ నీళ్ళన్నీ తూము గుండా మురుగుకాలవలోకి వదిలేవాడు. మా అమ్మ గేదె మధ్యాహ్నాలు పడుకునేది ఆ కాలవలోనే.

తొంభైల చివర్లో ఆ గేదెకు పొదుగువాపు వచ్చింది. పశువుల డాక్టరుగారు వరసగా ఇంజెక్షన్లు చేసినా వాపు దిగలేదు. పాలు పరీక్షకు పంపిస్తే, అందులో ఉన్న సూక్ష్మజీవి చాలా మందులకు లొంగదని తేలింది. వాటిలో బాబాయి మేతకు పట్టించే మందూ ఉంది. గేదెకు ఆ మందు మేం ఏనాడూ వేయించలేదు.

నేనప్పుడు గుడివాడలో కాలేజీ పిల్లలకు, మందులకు లొంగని సూక్ష్మజీవుల పాఠమే చెప్తున్నాను. కబురు వినగానే ఒళ్ళు మండిపోయి, దొరికిన బస్సెక్కి వచ్చేశాను. బాబాయి ఇంకో చెరువు నీళ్ళు వదలడానికి కూలీలతో తూము పలకలు తీయించబోతున్నాడు. వెళ్ళి పలకలకు అడ్డంగా కూర్చున్నాను.

రొయ్యకీ గేదెకీ చుట్టరికం ఏమిటని ఆయన నవ్వాడు. చెప్పాను. మందుకు చావకుండా బతికిన సూక్ష్మజీవి ఆ విద్యను తన పిల్లలకే దాచుకోదు. బురదలో పక్కనున్న వేరే జాతి దానికి కూడా జన్యువు ముక్కగా అందించేస్తుంది, పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినంత తేలిగ్గా. అది గేదె పొదుగులోకి పోవచ్చు, రేపు మన ఒంట్లోకీ రావచ్చు.

"మన చెరువు నుంచే వచ్చిందని రుజువు చెయ్యగలవా?" అన్నాడు.

"చెయ్యలేను బాబాయ్. అయినా తియ్యనివ్వను."

పెళ్ళయి వెళ్ళిపోయిన పిల్లకు మా చెరువుల గొడవెందుకని కూలీల ముందే తిట్టాడు. నాకేమీ సిగ్గనిపించలేదు, కోపం ఇంకా పెరిగింది.

అంతలో అమ్మ వచ్చింది. మరిది ఎదుట ఏనాడూ గొంతు పెంచి ఎరగని మనిషి. గేదెను తోలుకొచ్చి, సరిగ్గా తూము ముందు కాలవలోకి దింపింది.

"తియ్యండి మరిదిగారూ. ఇది చూస్తుండగానే తియ్యండి."

బాబాయి ఆ పొదుగు వైపు చూడలేకపోయాడు. కూలీలను ఇళ్ళకు పొమ్మన్నాడు.

ఆ చెరువు నీళ్ళు చెరువులోనే ఎండాయి. ఆ వేసవంతా ఆయన మాతో మాట్లాడలేదు. గేదెకు రెండు చన్నుల్లో మళ్ళీ పాలు రాలేదు. రుజువు నాకు ఇప్పటికీ దొరకలేదు. దొరికేదాకా నోరు మూసుకుంటానని మాత్రం నేనెవరికీ మాటివ్వలేదు.